మీసానికి ఒకటి, తలకు రెండు

మా మరిది కటింగ్ షాపులో గోడ గడియారం ఉంది. అది షాపుకి వచ్చేవాళ్ళ కోసం. అతను మాత్రం కత్తెర పట్టిన నాటి నుంచీ కాలాన్ని సిగరెట్లతోనే కొలిచాడు. మీసానికి రంగు వేస్తే ఒక సిగరెట్, తలకు వేస్తే రెండు. రంగు పూసి, కూర్చున్న మనిషి మెడకు గుడ్డ బిగించి, "కదలకండి, ఇప్పుడే వస్తా" అని వెనక మెట్టు మీదికొచ్చి వెలిగించేవాడు. అది చివరిదాకా కాలిందంటే లోపల రంగు పట్టినట్టే. వెళ్ళి కడిగేసేవాడు. ఒక్కనాడు కూడా తేడా రాలేదు.

మా ఇంటికి ముందు వైపు రెండు షాపులు. ఒకటి మరిది కటింగ్ షాపు, రెండోది మా ఆయన పంక్చర్ల షాపు. వెనక రెండు వాటాలు, ఒకదాంట్లో మేము, ఇంకోదాంట్లో వాళ్ళు. మరిది మెట్టు మీదికి రాగానే మా ఆయన కూడా చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చి పక్కన చేరేవారు. ఆయనకు కొలవాల్సిన రంగులేమీ లేవు, ఊరికే తోడు. అగ్గిపెట్టె మాత్రం ఎప్పుడూ తమ్ముడిదే. మా వంటగది కిటికీ సరిగ్గా ఆ మెట్టు పైన ఉంటుంది. నేను ఏ కూర వండినా పొగ రుచే వస్తుందని మా తోడికోడలు అనేది.

మా ఆయన దగ్గి దగ్గి పోయారు. వచ్చిన చుట్టాలందరూ వెళ్ళిపోయాక, ఇల్లు మళ్ళీ ఇల్లులా అయ్యాక, ఒక పొద్దున మరిది మెట్టు మీద కూర్చుని సిగరెట్ వెలిగించాడు. వెలిగించి, అలవాటుగా అగ్గిపెట్టెను పక్కకు చాచాడు. అక్కడెవరూ లేరు. చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత సిగరెట్‌ను మెట్టుకేసి నలిపేశాడు. అదే ఆఖరు. నేను కిటికీలోంచి చూశాను. చూశానని అతనికీ తెలుసు. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

మానేశాక కొన్నాళ్ళు దిగులుగా ఉంటుందని, ఉన్నట్టుండి ఏడుపు కూడా రావచ్చని డాక్టరు ముందే చెప్పాడట. వచ్చినదల్లా కాసేపట్లో పోతుంది, ఆ కాసేపూ ఓర్చుకో అన్నాడట. కానీ కత్తెర చేతిలో ఉన్నప్పుడు ఏడుపొస్తే ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు.

కటింగ్ చేయించుకునేవాడికి తన తల వెనక ఏముందో కనిపించదు. ఎదురుగా అద్దంలో మా మరిది మొహం కనిపిస్తుంది. ఆ మొహం మీద నీళ్ళు జలజలా కారుతుంటే కూర్చున్నవాడి పై ప్రాణాలు పైనే పోయేవి.

"ఏంటయ్యా, వెనక ఏమన్నా కనబడిందా?"

"ఏం లేదండీ."

"ఏం లేకపోతే ఏడవడమెందుకు? నిజం చెప్పు, నేను తట్టుకుంటాలే."

ఒకాయన సగం కటింగ్‌తోనే లేచి డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. తల వెనక ఏమీ లేదు, ఒక వైపు జుట్టు తప్ప.

ఇంట్లో ఇంకో రకం. ఏడుపు లేనప్పుడు చిరాకు. చెంబు చప్పుడైతే చిరాకు, కాకపోతే ఎందుకు కాలేదని చిరాకు. లవంగాలు నమిలి నమిలి, మా తోడికోడలి డబ్బాలో ఒక్కటి మిగల్చలేదు. ఆమె అసలే ముక్కు మీద కోపం ఉన్న మనిషి. ఒకరోజు నా దగ్గరికి వచ్చి గుమ్మంలోనే చతికిలబడింది.

"అక్కా, ఈయనతో నా వల్ల కాదు. నిన్న అద్దంలో తన మొహం చూసుకుని, పాపం అన్నాడు. ఎవరినండీ అంటే, వీడినే అన్నాడు. ఇదేం బతుకు చెప్పు."

"కొన్నాళ్ళు ఓర్చుకో."

"కొన్నాళ్ళంటే? ఇంతకన్నా ఆ పొగే నయం. తాగినన్నాళ్ళూ కనీసం వెనకాల మెట్టు మీద ఉండేవాడు."

నేను మొదట్నుంచీ నోట్లో నాలుక లేనిదాన్నే. మా ఆయన పోయాక ఉన్న ఆ నాలుగు మాటలు కూడా దాచుకోవడం మొదలుపెట్టాను. కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ మెట్టు మీద ఇద్దరు కూర్చునేవారు. ఒకరు వెళ్ళిపోయారు. రెండో మనిషి కూడా ఆ దారినే పోతే నేను ఆ కిటికీ దగ్గర నిలబడి గిన్నెలు కడగలేను.

ఆ తర్వాత మందుల షాపాయన మీసం సంగతి జరిగింది.

మందుల షాపాయనకు ఆస్తి అంటే ఆ మీసమే. ఒత్తుగా, రెండు వైపులా పైకి తిరిగి ఉంటుంది. రంగు వేయించుకోవడానికి వచ్చి కూర్చున్నాడు. మీసానికి రంగు వేసినప్పుడు నోరు తెరవకూడదు, తెరిస్తే లోపలికి పోతుంది. ఆ సంగతి మా మరిదే గట్టిగా చెప్పి మెట్టు మీదికి వచ్చాడు. వచ్చి కూర్చున్నాడు. చేతిలో సిగరెట్ లేదు. సిగరెట్ అయితే కాలి కాలి అయిపోతుంది. దిగులు అలా అయిపోదు కదా. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, మూసి ఉన్న పంక్చర్ల షాపు తలుపు వైపు చూస్తూ కూర్చుండిపోయాడు.

లోపల ఆ పెద్దమనిషి ముందు మర్యాదగా "ఊఁ" అన్నాడు. తర్వాత "ఊఁ ఊఁ" అన్నాడు. ఆపైన కుర్చీ చప్పుడు చేశాడు. నేను వంటగదిలోంచి విని, షాపులో ఎవరో పాట పాడుకుంటున్నారనుకున్నాను.

కడిగేసరికి మీసం బొగ్గులా ఉంది. మీసం కింద చర్మం కూడా బొగ్గులా ఉంది. ఆయన మండిపడి "తీసెయ్, మొత్తం తీసెయ్" అన్నాడు. మరిది గీసేశాడు. మీసం పోయింది. కానీ దాని కింద అచ్చు అదే మీసం, అదే కొలతతో, అదే వంపుతో మూతి మీద ఉండిపోయింది. సబ్బు పెట్టినా పోలేదు, నూనె పెట్టినా పోలేదు. కడుపునొప్పి మందు కోసం వెళ్ళినవాళ్ళు ఆయన మూతి చూసి, నొప్పి మర్చిపోయి తిరిగొస్తున్నారని వీధంతా చెప్పుకున్నారు.

అందరూ నవ్వారు, మా మరిది తప్ప. చేతికి అంత మంచి పేరున్నవాడు. ఆ సాయంత్రం షాపు ముందు తలుపు వేసేసి, వెనక మెట్టు మీదికి వచ్చాడు. చేతిలో కొత్త సిగరెట్ పెట్టె. మా తోడికోడలే తెచ్చి సొరుగులో పెట్టిందని తర్వాత తెలిసింది. పెట్టె తెరిచి ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుని అగ్గిపుల్ల కోసం వెతుక్కుంటున్నాడు.

నేను గిన్నెలు కడుగుతున్నాను. వద్దు నాయనా అంటే వినే వయసు కాదు. ఏడిస్తే తనూ ఏడుస్తాడు. చేతిలో ఏముందా అని చూసుకుంటే గిన్నెలు కడిగిన నీళ్ళ తొట్టి ఉంది. కిటికీలోంచి వంపేశాను.

సిగరెట్లు నానిపోయాయి. మరిది నెత్తి మీద నాలుగు మెతుకులు.

అతను మెల్లగా తల ఎత్తాడు. "వదినా, కావాలనే పోశావు."

"కావాలని పోయాలంటే వేడినీళ్ళే పోసేదాన్ని."

అంత మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. అతను నోరు తెరిచి చూశాడు. తర్వాత నెత్తి మీది మెతుకు ఒకటి తీసి పరీక్షగా చూశాడు.

"సరిగ్గా ఉడకలేదు."

"ఉడకనిది తిని ఇంత పొడుగయ్యావు."

"అన్నయ్య తినేవాడు. నేను మొహమాటానికి తినేవాణ్ణి."

"మొహమాటానికి మూడుసార్లు పెట్టించుకునేవాడివా?"

ఇలా ఎంతసేపు సాగిందో తెలియదు. చివరికి అతనే ఆగాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, లోపల ఏదో వెతుక్కున్నాడు.

"పోయింది వదినా."

"ఏది?"

"లాగేది. ఒక సిగరెట్ సేపు ఉంటుందంతే. ఆ సేపు దాటితే చాలు."

"అయితే అది వచ్చినప్పుడల్లా ఈ కిటికీ కిందికి వచ్చి నన్ను తిట్టు."

"నిన్నేమని తిట్టను? నువ్వెప్పుడన్నా ఏదన్నా చేస్తే కదా."

"మెతుకులు ఉడకలేదన్నావుగా. రేపు ఉప్పు ఎక్కువేస్తాను."

అలా మొదలైంది. రంగు పూసి, గుడ్డ బిగించి, "కదలకండి" అని మెట్టు మీదికి వచ్చి, "వదినా, నీ మూకుడు చప్పుడుకు నా చెయ్యి అదురుతోంది" అని ఎత్తుకునేవాడు. నేను లోపలి నుంచి అందుకునేదాన్ని. మీసానికి ఒక జగడం, తలకు రెండు. మొదట్లో కొలత కుదరలేదు. నేను తొందరగా ఓడిపోతే రంగు పట్టేది కాదు. ఒకాయన తల గోధుమరంగుకొచ్చి ఆగిపోయింది. "నీ వల్లే, ఇంకో నాలుగు మాటలు అనలేకపోయావా" అని ఆ రోజు నిజంగానే తిట్టాడు. ఆ మర్నాటి నుంచి నేను పొద్దున్నే లేచి, పొయ్యి వెలిగించేలోపే నాలుగు మాటలు ఏరి సిద్ధంగా ఉంచుకునేదాన్ని. మా తోడికోడలికి మొదట ఇది అర్థం కాలేదు. మేము నిజంగా కొట్టుకుంటున్నామనుకుని రాజీ చేయడానికి వచ్చింది. సంగతి తెలిశాక, నేను తడబడితే పక్క కిటికీలోంచి మాట అందించేది. మొగుణ్ణి తిట్టడంలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి.

మందుల షాపాయనకు నలుపు వదిలింది, మీసం మళ్ళీ మొలిచింది. ఒకరోజు వచ్చి గుమ్మంలోనే నిలబడి, "ఏమయ్యా, మీ వదినగారు ఇంట్లో ఉన్నారా?" అని అడిగాడట. ఉన్నారు అంటేనే కుర్చీ ఎక్కాడు.

నేను ఇంట్లో ఉన్నాను. కానీ ఆ పొద్దున చీరల కింది నుంచి మా ఆయన చొక్కా ఒకటి బయటపడింది. జేబు దగ్గర పంక్చర్ల జిగురు మరక. ఎంత ఉతికినా పోలేదని ఆయనతో ఎన్నిసార్లు పోట్లాడానో. దాన్ని ఒళ్ళో పెట్టుకుని వంటగదిలో కింద కూర్చున్నాను.

"వదినా, ఇవాళ టీ నీళ్ళలా ఉంది" అన్నాడు కింద నుంచి.

నేను ఆ మరకను గోటితో గీకుతూ ఉండిపోయాను.

"వదినా."

లేచి కిటికీ చువ్వలు పట్టుకుని చూశాను. అతని చెవి వెనక ఒక సిగరెట్ ఉంది. ఎవరో కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఇచ్చి ఉంటారు. అతను నా మొహం చూశాడు, చేతిలో చొక్కా చూశాడు. నేను అతని చెవి వైపు చూశాను. ఇద్దరికీ ఇద్దరి సంగతీ తెలిసిపోయింది. అతని చెయ్యి చెవి దాకా వెళ్ళింది.

అప్పుడు గొంతు సన్నగా చేసి, నాలాగా పెట్టి, "నీళ్ళలా ఉంటే మొహం కడుక్కో" అన్నాడు. వెంటనే తన గొంతుతో, "నా మొహానికేమైంది?" అన్నాడు. మళ్ళీ నా గొంతు, "అద్దం ముందే ఉంటావుగా, కనబడలేదా?" అలా అటు ఒకటి ఇటు ఒకటి, మెట్టు మీద ఒక్కడే నిలబడి, చేతులు తిప్పుతూ, నా వంతూ తనే ఆడుతున్నాడు. నా గొంతు పెట్టినప్పుడు లేని కొంగు సర్దుకుంటున్నాడు.

లోపలి నుంచి "ఊఁ" అని వినిపించింది. తర్వాత, "ఊఁ ఊఁ."

"ఉండండి బాబూ, మా వదిన వంతు ఇంకా అవ్వలేదు" అని లోపలికి కేకేసి, చెవి వెనక సిగరెట్ తీసి చువ్వల మధ్య నుంచి నాకు అందించాడు. నేను తీసుకుని గిన్నెల నీళ్ళలో వేశాను.

"నేను అంత సన్నగా మాట్లాడను" అన్నాను.

"ఇంకా సన్నగా మాట్లాడతావు."

"ముందు పోయి ఆయన మూతి కడుగు. ఈసారి నల్లబడితే ఆ రంగు నీ మూతికే పూస్తాడు."

కుర్చీ చప్పుడైంది. మరిది లోపలికి పరిగెత్తాడు. పక్క కిటికీలోంచి మా తోడికోడలు, "అక్కా, ఇది జగడం కింద లెక్కకు రాదు. మరీ చిన్నది" అంది.