పందిరి మంచం కొక్కీ

మా పెద్దల ఆస్తిలో నాకు మిగిలింది ఒక పందిరి మంచమే. అద్దె ఇల్లు మారిన ప్రతిసారీ దాన్ని నేనే విప్పి, నేనే బిగించుకున్నాను. ఇంకొకరిని తాకనివ్వలేదు.

తిరుపతిలో మహిళా సంఘం వస్తువుల ప్రదర్శన కోసం, సరుకు తగిలించడానికి, స్క్రూడ్రైవర్ అవసరం లేకుండా క్లిప్పులతో కలిసే నిలువు పలకలు తయారుచేసి ఇచ్చాను. సాయంత్రం హాలు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు ఆ క్లిప్పులు ఎవరి చేతికీ ఊడిరాలేదు. సంఘం నాయకురాలు రాయి అందుకుంది.

"కొట్టొద్దమ్మా!" అన్నాను.

"కొట్టక, ముద్దు పెట్టుకోమంటావా సారూ? బిగించేది నేర్పినావు, ఇప్పేదానికి దోవ యాడుండాది? ఇంకోసారి ఇట్లయితే మాకు వెదురు బొంగులే చాలు."

మనసు నొచ్చుకుంది. ఇంటికి వచ్చి మంచం ముందు కూర్చున్నాను. పక్క పట్టెకున్న కొక్కీ ఆ పట్టె బరువుతోనే మంచం కోడు గాడిలో కూర్చుంటుంది, పైకెత్తితే వచ్చేస్తుంది. కొత్త క్లిప్పులు అలాగే చేశాను.

అదే సంఘం పలమనేరులో పెట్టిన ప్రదర్శనకు నేను చేరేసరికి పలకలన్నీ నిలబడి ఉన్నాయి; ఆడవాళ్లు వాటిని విప్పి, జరిపి, మళ్లీ కలుపుకుంటున్నారు.

"నీతో పనేం లేదు, కాపీ తాగుపో సారూ," అంది నాయకురాలు నవ్వుతూ.

నేను చేసిన వస్తువు మీద అన్ని చేతులు పడుతుంటే చూస్తూ, ఆ కాఫీ నిలబడే తాగాను.