బూట్లు విప్పించిన బ్రేకు

ఆ రోజుల్లో వేళ్లకు గ్రీజు అంటితే చాలు, లోకంలోని మోటార్లన్నీ నా మాట వింటాయని నమ్మేవాణ్ణి. పోలీసు చర్య ముగిసి, రజాకార్ల భయం పోయి, పెట్రోలు మళ్లీ కంటపడుతున్న కాలం. పల్లెల్లో పోరాటం ఇంకా ఆగలేదు. ఆ భయానికే ఒక దొర తన పాత కారును నేను పని నేర్చుకుంటున్న ఇబ్రహీంపట్నం మరమ్మతు షెడ్డులో వదిలేసి హైదరాబాదు వెళ్లిపోయాడు. దాన్ని మా వకీలన్న కొని, టాపు పీకించి, ఒక డాక్టరు కారుతో పందెం పెట్టుకున్నాడు. బజారు నుంచి చెరువు కట్ట దాకా పోయి, మలుపు తిరిగి రావాలి. బ్రేకు తప్పితే నేరుగా నీళ్లలోకే. అందుకే నాకు పని నేర్పే షెడ్డు ఉస్తాద్ ముందే చెప్పాడు: "బ్రేకు నువ్వు జేస్తున్నవ్, పక్కన నువ్వే కూసో. తప్పిందా, మళ్ల షెడ్డు మొఖం జూడకు."

ఆ కారులో ఇంజను పీల్చే గాలితో బ్రేకుకు బలమిచ్చే డబ్బా ఒకటి ఉండేది, సర్వో అనేవాళ్లు. దాని మర ఎక్కువ బిగిస్తే కాలు ఆనించగానే బండి నిలబడిపోతుంది, వదులైతే ఎంత తొక్కినా ఆగదు. మూడు రోజులు పావు చుట్టు, అర చుట్టు తిప్పి సరిచేశాను. (దసరాకు కుంకుమ పెట్టి మొక్కిన బండిని చెప్పుకాలితో ఎలా తొక్కుతాం? పరీక్షలన్నీ ఉత్త కాళ్లతోనే చేశాను.)

పందెం నాడు వకీలన్న మిలిటరీ బూట్లు తొడుక్కుని వచ్చాడు. పందేనికి ముందు బండిని కాస్త కదిలించి బ్రేకు తాకి చూశాడో లేదో, ఒక్క కుదుపుతో ఆగి ఆయన ముక్కు స్టీరింగుకు కొట్టుకుంది.

"ఏం జేసినవ్ రా దీన్ని?" అన్నాడు ఉస్తాద్. మర తిప్పే వ్యవధి లేదు. బూట్లు చూశాక నాకు విషయం తట్టింది: ఉత్త కాలి ఒత్తిడికి సరిచేసిన బ్రేకు ఆ బూట్ల బరువుకు పట్టేస్తోంది.

"అన్నా, జర బూట్లు ఇప్పు."

"కోర్టుల నిలబడెటోన్ని. జనం నవ్వరా?"

"నవ్వనియ్యి. గెలిచినంక తొడుక్కో."

తిట్టుకుంటూ విప్పాడు. మలుపు దగ్గర డాక్టరు దూరం నుంచే బ్రేకు వేసుకుంటూ వచ్చాడు. వకీలన్న చివరిదాకా తొక్కలేదు. తొక్కినప్పుడు బండి ఎంత కావాలో అంతే తగ్గి, మెత్తగా తిరిగి, డాక్టరును దాటేసింది. బజారులో నన్ను భుజాలకెత్తుకున్నారు. "ఉత్త కాళ్లతోని నడుపుమని నేనే జెప్పిన" అని ఉస్తాద్ అందరికీ చెబుతుంటే నాకు కోపం కూడా రాలేదు, సంతోషంతో ఏడుపొచ్చింది.

ఇప్పటికీ ఎవరైనా అడిగితే ఆ మలుపును జానెడు జానెడుగా వర్ణిస్తాను, బండి ఎక్కడ ఒరిగిందో, ఏ చక్రం ఏ రాయిని తన్నిందో. నిజానికి ఆ క్షణాన ఆ ఇరవై ఏళ్ల మహా మెకానిక్కు రెండు కళ్లూ గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.