సీడీలోనే వచ్చిన కీ

2006 వేసవిలో నేను ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ శాఖ కంప్యూటర్ విభాగంలో సీనియర్ టెక్నికల్ ఆఫీసర్‌ని. మా భూమి రికార్డుల సాఫ్ట్‌వేర్‌కి గుర్గావ్ కంపెనీ ఒకటి కొత్త ఫైళ్ళు సీడీలో పంపేది. వాటిని రాష్ట్రాలకు పంపే ముందు డిజిటల్ సంతకం సరిచూసి, ధ్రువపత్రం మీద మొదట అసిస్టెంటు, తర్వాత నేను సంతకం పెట్టాలి.

సరిచూడటమంటే నల్ల తెర మీద ఒక్క వరుస కమాండ్. కంపెనీ తన రహస్య కీతో, అంటే తన దగ్గరే దాచుకునే ఒక పొడవాటి సంకేతంతో, ఫైలు మీద సంతకం చేస్తుంది. దానికి జోడీ అయిన బహిరంగ కీతో మేం సరిచూస్తాం. ఫైల్లో ఒక్క అక్షరం మారినా సంతకం చెల్లదని కమాండ్ చెప్పేస్తుంది. ‘గుడ్ సిగ్నేచర్’ అని వస్తే చాలు, టీకి లేచేవాళ్ళం.

ఆ రోజు మా అసిస్టెంటు పద్మజ సంతకం పెట్టనంది. గుంటూరమ్మాయి, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. గుడ్ సిగ్నేచర్ కిందే, ఈ కీ ఎవరిదో రుజువు లేదని హెచ్చరిక ఉందట.

“అది రోజూ వచ్చేదేనమ్మా,” అన్నాను.

“కీ కూడా ఈ సీడీలోనే వచ్చింది కదా సార్. దొంగే తన సాక్షిని వెంటబెట్టుకొస్తే?”

నాకు చిర్రెత్తుకొచ్చింది. అవతల డిప్యూటీ డైరెక్టరు “అరే భాయ్, ఆజ్ హీ భేజ్‌నా హై”, ఇవాళే పంపాలి అని అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు. పద్మజ ప్రొబేషన్ నివేదిక రాసేది నేనే. అది బాగుంటేనే ఆమె ఉద్యోగం ఖాయమయ్యేది. పంతాలకి పోతే ఆ సంగతీ నివేదికలో రాయాల్సొస్తుందన్నాను. సిగ్గులేని మాట. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ పెన్ను ముట్టుకోలేదు.

ఆమెది చాదస్తమని తేల్చడానికే కంపెనీకి ఫోన్ చేశాను, ఒప్పందం కాగితంలో ఉన్న నంబరుకి. ప్రతి కీకి నలభై అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది, ఫింగర్‌ప్రింట్ అంటారు. మేనేజరు తమ కీ గుర్తుని నాలుగేసి అక్షరాలుగా చదువుతుంటే, సీడీలో వచ్చిన కీ గుర్తు పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టబోయాను. మొదటి నాలుగే కలవలేదు.

సాయంత్రానికి విషయం తెలిసింది. దొంగ ఎవరూ లేడు. వాళ్ళ ఇంజనీరు ఒకాయన అసలు కీ పాస్‌వర్డ్ మరిచిపోయి, కంపెనీ పేరుతోనే కొత్త కీ చేసుకుని, పరీక్షలు పూర్తికాని ఫైలు మీద సంతకం చేసి పంపాడు. అది జిల్లాలకు వెళ్ళుంటే ఎవరి పొలం ఎవరి పేరున కనిపించేదో!

పాత రిజిస్టరు తీశాను. వచ్చిన ప్రతి సీడీనీ దాంట్లోని కీతోనే సరిచూశాం. అన్నిటి కిందా నా సంతకమే. కంపెనీ అసలు కీతో అన్నీ మళ్ళీ సరిచూస్తే, అదృష్టం బాగుండి, నిలబడ్డాయి. తప్పు నాదని డిప్యూటీ డైరెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేశాను. పద్మజ నివేదికలో, పై అధికారి బెదిరించినా పద్ధతి వదల్లేదని రాశాను.

సంతకం ఏ కీతో చేశారో కమాండ్ చెబుతుంది. ఆ కీ ఎవరిదో మనిషే వేరే దారిలో అడిగి తెలుసుకోవాలి. మా విభాగంలో ఆ ప్రశ్న అడగడం నా పని, అడిగింది ఆమె.