ఓబులేసును నాలుగు దినాలు రావద్దన్నాను

నిన్న సాయంత్రం రాజంపేట నుంచి ఫోన్. ఓబులేసు పోయాడట.

మా వయసులో చావు వార్త షాక్ కాకూడదు. అయింది.

నాకు తొంభై అయిదు. మెల్లగా టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

1946లో కర్నూలులో మా బాల్ బ్యాడ్మింటన్ క్లబ్‌కి నేను సెక్రటరీని. ఇరవై ఒక్క ఏళ్లకే ఆ పదవి, ఇక నేల మీద నిలిచేవాణ్ణి కాదు. ఓబులేసు నాకంటే రెండేళ్లు చిన్న. నేతపని చేసే ఇంటి బిడ్డ. అతను కొడితే ఉన్నిబంతి అనుకున్నచోటే పడేది.

కెప్టెన్‌కి అదే కంటగింపు. క్లబ్‌కి స్థలమిచ్చిన ఆసామి కొడుకతను.

నేతగాళ్లు గుంతలో కాళ్లు పెట్టుకొని మగ్గం తొక్కుతారు కదా. కెప్టెనూ అతని జతగాళ్లూ కోర్టు వెనక అలాంటి గుంత ఒకటి తవ్వారు. ఆట అయ్యాక ఓబులేసును అందులో కూర్చోబెట్టి కాళ్లాడించమనేవాళ్లు. చుట్టూ నవ్వులు.

నేనూ ఒకసారి నవ్వాను. ఈ ముక్క రాయడానికే ఇంతసేపు పట్టింది.

ఒకరోజు నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, దినామూ గుంతలో కూచోబెడతాండారు. శానా సిగ్గుగా ఉండాది. నువ్వు చెప్తే వింటారు."

"తమాషాకు చేస్తాండార్లేప్పా" అన్నాను.

అయినా సెక్రటరీని కదా, ఏదో ఒకటి చేయాలి. ఊళ్లో తగాదా తీర్చినట్టు కెప్టెన్‌నూ ఓబులేసునూ పిలిచి ఒకరి చేత ఒకరికి ఆకూ వక్కా ఇప్పించాను. కెప్టెన్ పెద్దవాడని ముందు ఓబులేసు చేతే ఇప్పించాను. రాజీ చేసేశానని కమిటీకి గొప్పగా చెప్పుకున్నాను.

ఇద్దరు కొట్లాడుకుంటే రాజీ. పదిమంది కలిసి ఒకణ్ణి ఏడిపిస్తుంటే రాజీ ఏమిటి? అప్పుడు నా బుర్రకు ఎక్కలేదు.

మర్నాడు గుంతలో నీళ్లు పోసి మరీ కూర్చోబెట్టారు.

తడిసిన పంచెతో వచ్చి నా ముందు నిలబడ్డాడు. కెప్టెన్‌ను ఆపే ధైర్యం నాకు లేదు. స్థలం పోతుందని భయం.

"ఓ నాలుగు దినాలు నువ్వే రాకుండా ఉండప్పా. వాళ్లే సల్లబడతారు."

"సరేన్నా" అన్నాడు. మళ్లీ రాలేదు. ఇంకే క్లబ్‌లోనూ ఆడలేదు.

చాలా ఏళ్లకు రాజంపేటలో అతని బట్టల అంగడికి వెళ్లాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కాఫీ తెప్పించాడు. క్షమించమని అడుగుదామని నోరు తెరిచేలోపు అతనే అడిగాడు.

"క్లబ్బు నడుస్తాందా అన్నా? కొత్తగా వచ్చే పిల్లోల్లను బాగా చూసుకుంటాండారా?"

"చూసుకుంటాండాం" అన్నాను. సిగ్గులేకుండా కాఫీ తాగి వచ్చేశాను.

ఇది చదివేవాళ్లలో క్లబ్బులు నడిపేవాళ్లు ఉన్నారు. ఎవరైనా వచ్చి ఏడిపిస్తున్నారని చెప్తే పూర్తిగా వినండి. ఆపాల్సింది ఏడిపించేవాణ్ణి. వచ్చి చెప్పుకున్నవాణ్ణి ఇంటికి పంపకండి, నాలాగా.

ఓబులేసూ, నీకు ఇకనైనా నెమ్మది దొరకాలి తమ్ముడూ.

ఆ రోజు క్లబ్ వదలాల్సింది నువ్వు కాదు. నీ అంగడిలో కూర్చొని కూడా ఈ మాట అనలేకపోయాను.