ఒక్కసారే వచ్చిన ఇథనాల్

తొంభైల చివర్లో నేను అనంతపురంలో కెమిస్ట్రీ పరిశోధనకు చేరినప్పుడు మా ల్యాబులో ఇంకొక ఆడమనిషి ఉండేది. నాకంటే ముందు చేరిన సీనియర్, గోరంట్ల పక్క పల్లె ఆమెది. మొదటి రోజు నేను "మేడమ్" అంటే, "మేడమేంది పాపా, అక్కా అను" అంది. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్కే.

మేము చేసే పని ఇంట్లోవాళ్ళకు చెప్పి ఒప్పించడం కష్టంగా ఉండేది. బొగ్గునో కట్టెనో చాలీచాలని గాలిలో కాలిస్తే కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజను కలిసిన వాయువు వస్తుంది. దాన్ని బాగా ఒత్తిడి పెట్టి, రియాక్టరు అనే ఉక్కు గొట్టంలో వేడెక్కిన ఒక నల్లటి పొడి మీదుగా పంపితే ఆల్కహాల్ తయారవుతుంది. ఆ పొడే కెటలిస్టు. రాగి, జింకు కలిపి చేసిన పొడితో మిథనాల్ ఎవరికైనా వచ్చేదే. మాకు కావలసింది దానికంటే బరువైన ఇథనాల్, ప్రొపనాల్. వాటికోసం అక్క ఆ పొడిలో కోబాల్టు చేర్చి చూస్తుండేది.

వాళ్ళ నాయన శెనక్కాయ రైతు. సెలవుల్లో ఇంటికి పోతే, "మీరు చేసే ఆ సారాయి మన శెనక్కాయ పొట్టుతో అయితాదా పాపా?" అని అడిగేవాడట.

"అయితాది నాయనా. పొడి కుదరల్ల, అంతే" అని చెప్పేదాన్నని నాతో చెప్పి నవ్వేది.

పొడి కుదరడమే కష్టం. లోహాల ద్రావణంలో సోడియం కార్బొనేటు నీళ్ళు బొట్టుబొట్టుగా పోస్తే నీలి ఆకుపచ్చ ముద్ద అడుగుకు చేరుతుంది. దాన్ని వడగట్టి, డిస్టిల్డ్ వాటరుతో కడిగి, ఆరబెట్టి, కాల్చితే నల్లగా అవుతుంది. కడిగేది ముద్దలో మిగిలిన సోడియం పోవడానికి. సోడియం ఉంటే రాగి పనిచేయదని మేము చదువుకున్న పుస్తకాల్లో ఉంది. మా గైడు సారు కూడా అదే చెప్పేవారు.

నేను చేరిన మరుసటి ఎండాకాలం, అక్క చేసిన ఒక విడత పొడి మమ్మల్ని అందరినీ ఆశ్చర్యపరిచింది. రియాక్టరు కింద ఐసులో పెట్టిన గాజు బుడ్డీలో చేరిన ద్రవాన్ని పరీక్ష యంత్రంలోకి ఎక్కించి, బయటికి వస్తున్న గ్రాఫు కాగితం దగ్గర ఇద్దరం నిలబడ్డాం. మిథనాల్ గీత లేచి దిగింది. దాని వెనక ఇథనాల్ గీత దానంత ఎత్తుకూ లేచింది. ఆ వెనక ప్రొపనాల్.

అక్క నా భుజం గట్టిగా పట్టుకుంది. "చూడే, నేను చూసేది నిజమేనా?"

"నిజమే అక్కా!"

సారు కాగితాన్ని చాలాసేపు చూశారు. ఆయన ముఖంలో సంతోషం కనిపించింది. కానీ, "ఒకతూరి వచ్చింది మనది కాదు తల్లీ. రెండోతూరి కూడా వస్తే అప్పుడు మనది. మళ్ళా చేయి" అన్నారు.

రెండోసారి రాలేదు. ఆ తరువాత కూడా రాలేదు. అక్క కోబాల్టు పాళ్ళు మార్చింది, కాల్చే వేడి మార్చింది, కొత్త సీసాల్లో రసాయనాలు తెప్పించింది. వచ్చిందల్లా మిథనాలే. తన చేతిలోనే ఏదో శుభ్రం లోపించిందని ఆమెకు అనుమానం పట్టుకుంది. గాజు సామాను తోమి తోమి అరిచేతులు పగిలాయి. ముద్దను మునుపటికంటే ఎక్కువ నీళ్ళతో, ఇంకా ఓపిగ్గా కడిగేది. నేను పక్కన నిలబడి నీళ్ళు అందించేదాన్ని. ఆమె అంత శ్రద్ధ నాకెప్పుడు వస్తుందా అనుకునేదాన్ని.

ఆమె థీసిస్ మొత్తం ఆ ఒక్క ఫలితం మీద ఆగింది. మళ్ళీ రాని ఫలితాన్ని సారు రాయనివ్వలేదు. ఆయన చేసింది తప్పని నేనిప్పటికీ అనను. ఫెలోషిప్ గడువు అయిపోయింది. ముదిగుబ్బ దగ్గర బడిలో సైన్సు టీచరు ఉద్యోగం వస్తే అక్క చేరిపోయింది. వెళ్ళే రోజు రియాక్టరు బిగించే స్పానరు నా చేతిలో పెట్టి, "నీకన్నా వస్తాదేమో చూడు" అంది.

ఆ తరువాత కొన్నేళ్ళకు కరువు గట్టిగా వచ్చింది. మా ల్యాబు బోరు ఎండిపోయింది. డిస్టిల్డ్ వాటరు తీసే యంత్రాన్ని చల్లబరచడానికి కుళాయి నీళ్ళు పారుతూ ఉండాలి. కుళాయిలో నీళ్ళు లేవు కాబట్టి యంత్రం మూతబడింది. అక్క పాళ్ళతోనే చేసిన ముద్దను ఉన్న కాసిని నీళ్ళతో ఏదో కడిగాననిపించి ఆరబెట్టాను. వృథా పోనీయడం ఇష్టంలేక అదే పొడిని రియాక్టరులో వేశాను.

గ్రాఫులో ఇథనాల్ గీత లేచింది. వెనక ప్రొపనాల్.

 అక్కకు ఫలితం వచ్చిన ఎండాకాలం కూడా బోరు అడుగంటింది. మేమిద్దరం ఆ యంత్రానికి హాస్టలు నుంచి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చిన సంగతి, రెండోసారి చేసేనాటికి వానలు పడి బోరులో నీళ్ళు వచ్చిన సంగతి అప్పుడు గుర్తుకొచ్చాయి. కావాలనే కొంచెం కొంచెం సోడియం మిగిల్చి చేసి చూశాను. చేసిన ప్రతిసారీ వచ్చింది. మిథనాల్‌కు చెరుపు చేసే సోడియమే మాకు కావలసిన ఆల్కహాల్‌కు మేలు చేస్తోంది. రెండోసారి కాదు, ఎన్నిసార్లయినా వస్తుంది.

ఆదివారం బస్సెక్కి ముదిగుబ్బకు పోయాను. అక్క ఇంటి ముందర బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి, "ఏమే, చెప్పకుండా వచ్చినావు?" అని సంబరపడింది. నేను కూర్చోకుండానే అంతా చెప్పేశాను.

ఆమె తడి బట్ట చేతిలో పట్టుకొని అట్లాగే విన్నది.

"అంటే, ఆ పొద్దు నీళ్ళు చాలక సరిగ్గా కడగలేదు నేను. అంతేనా?"

"అంతే అక్కా."

"ఆ తర్వాత ఎంత కడిగితిని!" అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "రాలేదని ఇంకా కడిగితిని. కడిగేకొద్దీ దాన్ని నేనే పోగొట్టుకుంటి."

"నువ్వొక్కదానివే కాదక్కా. నేను పక్కనే ఉండి నీళ్ళు పోస్తిని. సారు చూస్తానే ఉండె. ఆ పొద్దు ఎన్ని నీళ్ళతో కడిగినావని ఒక్కరం కూడా అడగలేదు."

సారు ఆమె పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ మళ్ళీ తెరిపించడానికి ప్రయత్నిస్తానన్నారని చెప్పి, తిరిగి రమ్మని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఈడ పిల్లోళ్ళు ఉండారు, బడి ఉండాది. ఇంగ నా చేత కాదు పాపా."

అయినా సారు ప్రయత్నించారు గానీ, గడువు ఎప్పుడో దాటిపోయిందని యూనివర్సిటీవాళ్ళు అన్నారు. ఈ ఫలితాన్ని వ్యాసంగా రాసి ఒక పెద్ద పత్రికకు పంపితే, సోడియం ప్రభావం కొంతవరకు తెలిసిందేనని పరిశీలకుల జవాబు వచ్చింది. ఆ సంగతి అచ్చయిన పత్రికలు మా లైబ్రరీకి వచ్చేవి కావు. వచ్చి ఉంటే అక్క చేతులు అన్నేళ్ళు పగిలేవి కావు. చిన్న పత్రికలో మా ఇద్దరి పేర్లతో అచ్చయింది. నాకు డాక్టరేటు వచ్చింది. పొడి మాత్రం కొన్నాళ్ళు నడిస్తే బలహీనపడేది. దాన్ని బాగుచేయడం నావల్ల కాలేదు.

ఆ ఆదివారం అన్నం పెట్టి, బస్టాండు దాకా వచ్చింది అక్క. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చి, "మళ్ళా రా. వచ్చి తిని, మాట్లాడి పో. అది మాత్రం నాతో ఎత్తద్దు" అంది.

నేను ఇప్పటికీ పోతుంటాను. పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు, వానలు అన్నీ మాట్లాడుకుంటాం. అచ్చయిన ఆ వ్యాసం నకలు ఎన్నిసార్లో సంచిలో పెట్టుకొని పోయాను. ఆమె అడగలేదు, నేను తీయలేదు.