రంగుల గది గుమ్మం పక్కన పామ్ మొక్క

తినడానికీ కట్టుకోవడానికీ పనికిరాని వస్తువంటూ నా చేత్తో నేను కొన్నది ఒక్కటే. మైదుకూరు రోడ్డు మీది నర్సరీలో కొన్న పామ్ మొక్క. ఇంట్లో కుండీలో పెంచుకునే రకం, సన్నసన్న ఆకులతో చిన్న కొబ్బరిమొక్కలా ఉంటుంది. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. మా ఆయన దాని చుట్టూ తిరిగి చూశాడు.

"కాయలు కాస్తాదా? పూలు పూస్తాదా? మరి ఏమిటికే ఇది?"

"చూసుకోడానికయ్యా. ఎప్పుడూ నీ మొగమే చూస్తా ఉండాల్నా?"

పకపకా నవ్వాడు. అప్పట్లో ఆయనకు నవ్వితే దగ్గు వచ్చేది కాదు.

మాది నేతపని చేసుకునే ఇల్లు. ముందు గదిలో మగ్గం, వెనక నూలుకు రంగులు వేసే గది, రెండింటికీ నడుమ చిన్న నడవ. పెంకుటిల్లు ఉన్నన్నాళ్లూ రంగుల పని పెరట్లోనే సాగేది. స్లాబు ఇల్లు కట్టుకున్నాక లోపలికి వచ్చింది. బయటైతే తడి నూలుకు దుమ్ము అంటుకుంటుందనీ, ఎండకు రంగు మచ్చలు పడుతుందనీ ఆయన వాదన. పొయ్యి మంట గాలికి కదలకూడదని ఉన్న ఒక్క కిటికీ కూడా మూసేవాడు. కాగే గంగాళంలో రంగు పట్టడానికి వేసే కాస్టిక్ సోడా, హైడ్రోస్ పొడి పడితే చాలు, ఘాటుకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మాకది అలవాటైపోయింది. ఇంటికి వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటే, వీళ్ల సోకు చూడు అనుకునేదాన్ని.

మొక్కను నడవలో, ఆ రంగుల గది గుమ్మం పక్కనే పెట్టాను. మా ఎండలకు బయట పెడితే ఒక్క పూటకే మాడిపోతుంది. ఇంటి మొత్తానికి అటు నీడా ఇటు వెలుతురూ ఉన్న చోటు అదొక్కటే.

కొన్నాళ్లకు ఆకుల కొసలు ఎండడం మొదలైంది. ఆ తర్వాత ఆకుల మీద సున్నం చిలకరించినట్టు తెల్లని మచ్చలు. మా సీమలో ఏది ఎండినా మొదట తోచేది ఒకటే, నీళ్లు చాలలేదని. పోశాను. ఏ నీళ్లు? రంగు వేసిన నూలు జాడించిన నీళ్లు. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి, జుట్లు పట్టుకుని పోట్లాడుకునే ఊళ్లో పెరిగినదాన్ని. బకెట్టు నీళ్లు కాలవపాలు చేయాలంటే నాకు చెయ్యి రాదు. కడసారి జాడించిన నీళ్లు తేటగానే ఉండేవి మరి. నేను మరిచిపోతే ఆయనే పోసేవాడు, "పాపం, దప్పికైతాండాది దీనికి" అంటూ. పోసేకొద్దీ అది ఇంకా మాడింది.

ఆ రోజుల్లోనే ఆయనకు దగ్గు పట్టుకుంది.

"ఏమయ్యా, అట్లా దగ్గుతాండావు?"

"దుమ్ము లేవే. దుమ్మంతే."

నమ్మాను. దుమ్ముకేం తక్కువ మాకు?

ఒకనాడు ఉండబట్టలేక, మాడిన ఆకొకటి తెంపి సంచిలో వేసుకుని నర్సరీకి పోయాను, పోట్లాడదామనే. "ఏమప్పా, చచ్చే మొక్కను నాకు అంటగట్టినావా?" అని అడిగేశాను. నర్సరీ ఆయన ఆకును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంట్లో ఏం పని చేస్తారక్కా?"

చెప్పాను. జాడించిన నీళ్ల సంగతి కూడా చెప్పాను.

"అయ్యో, ఇది దప్పిక కాదక్కా. ఆ ఘాటు ఆకును కాలుస్తాండాది, ఆ నీళ్లు వేరును కాలుస్తాండాయి. ముందు దాన్ని ఆ గుమ్మం కాడి నుంచి తియ్యి."

మట్టి పైన పేరుకున్న తెల్లని ఉప్పు గీకి పారెయ్యమన్నాడు. కుండీ కింది బెజ్జంలోంచి ధారగా కారేదాకా మంచినీళ్లు నిదానంగా పొయ్యాలి, మట్టి కాస్త ఆరాక మళ్లీ పొయ్యాలి. ఆకుల్ని తడిగుడ్డతో తుడవాలి. పూర్తిగా ఎండినవే కొయ్యాలి, సగం పచ్చగా ఉన్నవాటి జోలికి పోకూడదు. జాలిపడి ఎరువు వేస్తే ఉన్న వేరు కూడా పోతుందట.

"కాలిన ఆకు మళ్లీ పచ్చగా కాదక్కా. నడిమి మొవ్వు బాగుంటే కొత్తాకు వస్తాది. దాని కోసరం చూడు" అన్నాడు.

వరండాలో గోనెపట్టా కట్టి, ఆ నీడలో పెట్టాను. మంచినీళ్ల బిందెలో చెంబు ముంచి దానికి పోసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. అయినా పోశాను. చివరికి ఒక పొద్దున నడిమి మొవ్వులోంచి దబ్బనంలా కొత్తాకు పొడుచుకొచ్చి కనిపించింది. నాకు పట్టరాని సంతోషం. "ఓయ్, ఇట్రా, వచ్చి చూడు!" అని కేకేశాను. రంగుల గదిలోంచి వరండాకు ఎంత దూరమని! నడవలో గోడ పట్టుకుని నిలబడిపోయాడు. ఊపిరి అందడం లేదు. ఆ నిలబడడం చూసి మరునాడే ఆయన్ను బస్సెక్కించాను.

కడపలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి అడిగిన మొదటి మాట, "ఇంట్లో ఏం పని చేస్తారమ్మా?" నర్సరీ ఆయన అడిగిన మాటే. డాక్టరు చెప్పబోయేది కూడా నాకు ముందే తెలుసు. పాడైంది మళ్లీ బాగుకాదట. మిగిలినదాన్ని కాపాడుకోవాలట. ఆ గదిలోకి మాత్రం అడుగు పెట్టకూడదట. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది నాకు, ఎవరి మీదో తెలియని కోపం. ఆకు మాడితే కంటికి కనిపించింది, ఈ మనిషి లోపల మాడుతుంటే ఎట్లా కనిపిస్తుంది?

తిరుగు బస్సులో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "మొక్కనైతే ఎత్తి వరండాలో పెట్టినావు. నన్ను యాడ పెడతావే?"

"దాని పక్కనే" అన్నాను.

అట్లాగే పెట్టాను. గోనెపట్టా నీడలో మొక్క పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ. పొద్దంతా అందులో కూర్చుంటాడు. తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడుస్తాడు, దారిన పోయేవాళ్లను పలకరిస్తాడు. ఇప్పుడది గుబురుగా పెరిగింది. నేను కూడా దాన్నంత బాగా చూసుకోలేను.

మరి రంగుల పనో? మగ్గం ఊరుకుంటుందా? మా రంగులే కావాలని అడిగి తీసుకునేవాళ్లు ఉన్నారు, మాకు చేతనైన పనీ అదే. ఇప్పుడా గది నాది. కిటికీ తెరిచేశాను, ముక్కుకు తడి టవలు కట్టుకుంటాను. వంట, మగ్గం, ఆయన మందులు, ఈ గంగాళం. పొద్దుగూకేసరికి ఒళ్లు నా ఒళ్లు కాదు. "వద్దే, మానుకో" అంటాడు ఆయన. "మానుకుని గాలి తిందామా?" అని కసురుతాను. కసరడానికి కూడా ఓపిక ఉండడం లేదు ఈ మధ్య.

మొన్న గంగాళంలో నూలు తిప్పుతుంటే దగ్గు తెర వచ్చింది. ఎంతకూ ఆగలేదు.

"ఏమే, అట్లా దగ్గుతాండావు?" వరండాలోంచి అడిగాడు.

"దుమ్ము లేయ్యా. దుమ్మంతే."

కాసేపటికి ఏదో బరబరా ఈడ్చిన చప్పుడైంది. ఏం చేస్తున్నాడో, ఎక్కడ పడతాడోనని పోయి చూశాను. గోడ పట్టుకుని రొప్పుతున్నాడు. మొక్కకు ఇవతలి పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది.

ఆయన్ను ఆయన కుర్చీలో కూర్చోబెట్టి, రెండోదాని వంక చూశాను. తిప్పకుండా వదిలేస్తే నూలు మచ్చలు పడుతుందని మళ్లీ లోపలికి పోయాను.