గేటు బయట ఓనరమ్మ

మీకు తెలుసు. బేతంచెర్ల దారిలో ఆ నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీ ఎవరిదో ఆళ్లగడ్డలో మీ అందరికీ తెలుసు. కోర్టు పిలిచినప్పుడు మాత్రం మాకేం తెలుసన్నారు. నిజం చెప్పిన ఒకే ఒక్క మనిషి, మా ఎదురింటి అక్క, మొన్న నంద్యాల పెద్దాసుపత్రిలో పోయింది.

ఆమె ఒక సర్కారు ఇంజనీరు ఇంట్లో వంటమనిషి. భర్త పోయిన కొత్తలో, వితంతు పింఛను కాగితాలని చెప్పి ఆయన ఆమెతో సంతకాలు పెట్టించాడు. పింఛను వచ్చింది. కొన్నేళ్లకు ఆగింది. ఎందుకని అడిగితే ఆఫీసులో, ఫ్యాక్టరీ ఉన్న మనిషికి పింఛనెందుకమ్మా అన్నారట.

ఇంకొకరైతే ఏడ్చేవారు. అక్కకు ముందు ఆరా కావాలి. ఎవరింటికి పోయినా పొయ్యి మీది మూత ఎత్తి చూడందే కూర్చునేది కాదు. "నోరుండేది మింగేదానికే కాదు, అడిగేదానికి గూడా" అనేది. నా దగ్గరికొచ్చి, "నా ఫ్యాక్టరీ యాడుండాదో సూపీ తమ్ముడా, సూసొద్దాం" అంది. నంద్యాలలో బస్సు మారి వెళ్లాం.

గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరని అడిగాడు.

"ఓనర్నంటప్పా" అంది.

అతను ఆమెను ఎగాదిగా చూసి, ఇంజనీరుకు ఫోను చేశాడు. "సార్, ఓనరమ్మంట, వచ్చిండాది. లోపలికి ఇడిసేదా?"

వద్దన్నాడు. నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం గేటు సందులోంచి తడి బండలను చూస్తూ, ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయని వాచ్‌మన్‌నే అడిగింది.

నేను సభల్లో గొంతు చించుకునే మనిషిని. ఆస్తి ఎవరి పేరు మీదున్నా, అజమాయిషీ ఎవరిదో కోర్టు చూడగలదు, సొమ్ము ఎక్కడిదని అడగగలదు, లెక్క చెప్పలేకపోతే జప్తు చేయగలదు అని ఆమెకూ చెప్పాను. అంతా విని, అజమాయిషీ ఎవరిదో కోర్టుకు ఎవరు చెప్తారని అడిగింది. చివరికి ఆమే ఏసీబీ ఆఫీసుకు వెళ్లి చెప్పింది, ఇంజనీరు మీద కేసు పెట్టారు. ఆ నెలలోనే వంటపని పోయింది.

కోర్టులో ఇంజనీరు వకీలు, సంతకం నీదేనా అన్నాడు. నాదే అంది. అయితే ఫ్యాక్టరీ నీదేగా అన్నాడు.

"నాదైతే, నన్ను లోపలికి ఇడిసేదానికి ఈయప్పకు ఫోను ఎందుకు చేసిరి సామీ?"

జడ్జి ఆ మాట రాసుకోమన్నారు. ఫ్యాక్టరీని తాత్కాలికంగా జప్తు చేశారు. పింఛను మాత్రం రాలేదు. కాగితాల్లో ఆమె ఇంకా ఓనరే మరి.

ఆసుపత్రి మంచం మీద కూడా కేసు ఎందాకా వచ్చిందని అడిగింది. ఇంకో సాక్షి దొరక్కపోతే ఫ్యాక్టరీ మళ్లీ ఆయన చేతికే పోయేలా ఉందని చెప్పాను.

"ఊరంతా ఉండారు గదా" అని నిశ్చింతగా పక్కకు తిరిగి పడుకుంది.

కాబట్టి అడుగుతున్నాను.

ఆగిన పింఛను లెక్కగట్టి ఆమె కూతురికి ఇవ్వాలి.

పేదవాళ్ల పేరు మీద ఆస్తి కనబడితే, పింఛను కోసేముందు దాని తాళాలు ఎవరి దగ్గరున్నాయో చూడాలి.

ఫ్యాక్టరీ జప్తులో ఉన్నా కూలీల కూలి ఆగకూడదు.

వాచ్‌మన్‌కు రక్షణ ఇచ్చి సాక్ష్యం తీసుకోవాలి.

వచ్చే వాయిదాకు మీలో ఒక్కరు రావాలి. బోనెక్కి, చూసింది చూసినట్టు చెప్పాలి.